కుర్చీ లోపలికి, కుంపటి బయటే!

పెరట్లోనో మేడ మీదో కుర్చీలు, చలికి ఓ కుంపటి పెట్టుకోవాలనుకుంటున్నారా? ఇది మీకోసమే.

మా పద్మనాభంలో పెయింట్ వేసిన ఇనుప కుర్చీ నడిచిపోతుంది. భీమిలి బీచ్ పక్కన ఇల్లయితే ఉప్పుగాలికి తుప్పు పట్టేస్తుంది. అక్కడ పౌడర్ కోటింగ్ ఉన్న అల్యూమినియం కొనండి. స్టీల్ అయితే 304 కంటే 316 గ్రేడ్ బెటర్. బిగించేటప్పుడు బోల్టులన్నీ ముందు వదులుగా పెట్టండి. నాలుగు కాళ్లూ నేలకి ఆనాకే టైట్ చేయండి. పెయింట్ లేస్తే గీకి, ప్రైమర్ కొట్టి మళ్లీ వేయండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన వైజాగ్ దగ్గరే తీరం దాటింది కదా. అలాంటి గాలికి మేడ మీద కుర్చీ ఎగిరి ఎవరి నెత్తినైనా పడొచ్చు. తుఫాను హెచ్చరిక రాగానే లోపల పెట్టేయండి.

కుంపటి మాత్రం రివర్స్. అరకు, లంబసింగి ట్రిప్‌లో ఎంత చలేసినా బొగ్గుల కుంపటి రూమ్‌లోకి, టెంట్‌లోకి తీసుకురావద్దు. పొగ కనపడకపోయినా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగుండదు, వాసనుండదు. నిద్రలోనే ప్రాణం తీసేస్తుంది. తలనొప్పి వచ్చి కళ్లు తిరుగుతుంటే వెంటనే అందరూ బయటికొచ్చి 108కి కాల్ చేయండి.

మీ ట్రిప్ గ్రూప్‌లో ఇది ఇప్పుడే షేర్ చేయండి. ఉంటా మరి!