సిమ్యులేటర్ చెప్పే మాట వినండి



ఏరోనాటికల్ ఇంజినీరింగ్ పూర్తి చేసిన మీలో కొందరు పైలట్లవుతారు, ఇంకొందరు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తారు. ఈ రెండు దారులూ కలిసే చోటు ఫ్లైట్ సిమ్యులేటర్. అందులో పైలట్లకు శిక్షణ ఇవ్వడం నా వృత్తి. మన హైదరాబాద్‌కి దానితో పాత చుట్టరికమే ఉంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ కేంద్ర శిక్షణ సంస్థ ఇక్కడే ఉండేది. దేశం నలుమూలల నుంచీ పైలట్లు సిమ్యులేటర్ కోసం ఈ ఊరు వచ్చేవారు.

1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు తన తండ్రి పియానోల, ఆర్గాన్ల ఫ్యాక్టరీలోని గాలితిత్తులతో ఊగే ఒక చిన్న విమానం బొమ్మను పైలట్ల శిక్షణ కోసం తయారుచేశాడు. సైన్యం మొదట పట్టించుకోలేదు. 1934లో టపా విమానాలు నడిపే పని సైన్యానికి అప్పగించారు. మంచులో, మేఘాల్లో మీటర్లు చూసి నడపడం రాక పైలట్లు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. అప్పుడు కొన్నారు లింక్ దగ్గర ఆరు యంత్రాలు. మన రంగంలో చాలా పాఠాలకు ఇలా ప్రాణాలతోనే ఫీజు కట్టాం.

నేను రోజూ చేయించే అభ్యాసం ఒకటి చెబుతాను. విమానం రన్‌వే మీద దూసుకుపోతోంది. 'వీ-వన్' అన్న పిలుపు వినిపించింది. ఇక ఆపడానికి లేదు, ఎగరాల్సిందే. సరిగ్గా అప్పుడు వెనక కూర్చున్న నేను ఒక ఇంజిన్‌కి మంట పెట్టి ఆపేస్తాను. ముక్కు పక్కకి లాగేస్తుంది. గంట మోగుతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది. కొత్త పైలట్ చెయ్యి దానంతటదే మీటల మీదికి పోతుంది. ఆ చెయ్యి ఆగాలి. రడ్డర్ తొక్కిపట్టి ముక్కును తిన్నగా నిలపాలి. చక్రాలు పైకి తియ్యడం తప్ప, 400 అడుగులు ఎక్కేదాకా మరేమీ ముట్టుకోకూడదు. ఆ తర్వాతే, చెడింది ఏ ఇంజినో ఒకరు పైకి చెప్పి, రెండోవారు చూసి అవునన్నాక మీట వెనక్కి లాగాలి. కాలు వణుకుతున్నా చెయ్యి తొందరపడకపోవడమే ఇక్కడ విద్య. ఒకప్పుడు దీన్ని నిజమైన విమానంలోనే నేర్పేవారు. ఆ అభ్యాసంలోనే విమానాలు కూలి, నేర్పేవారూ నేర్చుకునేవారూ పోయిన సందర్భాలున్నాయి.

2015 ఫిబ్రవరి 4న తైపేలో ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్ విమానం టేకాఫ్ అయిన కాసేపటికే ఒక ఇంజిన్ శక్తి కోల్పోయింది. కెప్టెన్ పొరపాటున బాగున్న ఇంజిన్‌ను ఆపేశారు. విమానం నదిలో పడింది. 58 మందిలో 43 మంది చనిపోయారు. ఆ కెప్టెన్ అంతకు ముందు ఏడాది సిమ్యులేటర్ పరీక్షలో ఒకసారి తప్పారు, రెండోసారి గట్టెక్కారు. ఒత్తిడిలో తడబడతారని శిక్షకులు రాసిన మాటలు దర్యాప్తులో బయటపడ్డాయి. సిమ్యులేటర్ తన పని తాను చేసింది. దాని మాట మనుషులు చివరిదాకా వినలేదు.

యంత్రమే తప్పు చెప్పిన రోజూ ఉంది. సిమ్యులేటర్ ఒంటిని మోసం చేస్తుంది. టేకాఫ్ వేగం తెలియాలని గదిని మెల్లగా వెనక్కి వంచుతుంది. కిటికీలో రన్‌వే సమంగానే కనిపిస్తుంది, వీపు సీటుకు ఒత్తుకుంటుంది, దూసుకుపోతున్నాం అనిపిస్తుంది. ఈ మోసం అవసరమైనదే. విమానం ఎలా స్పందిస్తుందన్న విషయంలో మాత్రం మోసం పనికిరాదు. 2001 నవంబర్ 12న న్యూయార్క్‌లో బయల్దేరిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఏ-300, ముందు వెళ్లిన జంబో జెట్ రేపిన సుడిగాలిలో ఊగింది. కో-పైలట్ రడ్డర్‌ను అటూ ఇటూ బలంగా తొక్కారు. తోక ఊడిపోయింది. నేలమీద ఉన్నవారితో కలిపి 265 మంది మరణించారు. రడ్డర్ అమరికతో పాటు ఆ సంస్థ శిక్షణ కూడా ఒక కారణమని దర్యాప్తు తేల్చింది. అక్కడి సిమ్యులేటర్ అభ్యాసంలో విమానాన్ని విపరీతంగా ఒరిగించి, కాసేపు కంట్రోళ్లు పనిచేయకుండా ఉంచేవారు. పెద్ద విమానాన్ని సుడిగాలి అంత పని చేస్తుందన్న భయం పైలట్ల మనసులో నాటుకుంది.

ఇక డెనిస్ ఫిచ్ గురించి చెప్పకుండా ఉండలేను. 1985లో జపాన్‌లో, కంట్రోళ్లను కదిలించే హైడ్రాలిక్స్ మొత్తం పోయిన జంబో జెట్ కొండను ఢీకొని 520 మంది చనిపోయారు. డీసీ-10 శిక్షకుడైన ఫిచ్ ఆ సంగతి తెలిసి ఊరుకోలేదు. సిమ్యులేటర్‌లో కూర్చుని, కేవలం థ్రాటిళ్లతో విమానాన్ని నడపగలమా అని ప్రయత్నించి చూశారు. 1989 జూలై 19న ఆయన ప్రయాణికుడిగా ఎక్కిన యునైటెడ్ డీసీ-10లోనూ హైడ్రాలిక్స్ మొత్తం పోయాయి. కాక్‌పిట్‌లోకి వెళ్లి, కెప్టెన్ ఆల్ హేన్స్ బృందంతో కలిసి రెండు చేతులా థ్రాటిళ్లు పట్టుకున్నారు. సూ సిటీలో విమానం నేలను తాకి ముక్కలైంది. అయినా 296 మందిలో 184 మంది బతికారు. అలాంటి ల్యాండింగ్ శిక్షణతో నేర్పగలిగేది కాదని తర్వాత దర్యాప్తు అధికారులు చెప్పారు. ఫిచ్ చేతులకు మాత్రం ఆ పని పూర్తిగా కొత్త కాదు.

సిమ్యులేటర్లు తయారుచేయబోయే మీకు నా విన్నపం ఇది. మీ లెక్క ఎంతవరకు టెస్ట్ ఫ్లైట్ డేటా మీద నిలబడిందో, ఎక్కడి నుంచి ఊహో, ఆ గీతను శిక్షకుడి తెర మీద చూపించండి. అమెరికా నిబంధనలు ఇప్పుడు అదే అడుగుతున్నాయి. పైలట్లయ్యే మీకు ఆరు నెలలకోసారి పరీక్ష తప్పదు. అందులో ఏం ఇస్తారో ముందు బ్యాచ్ వాళ్లను అడిగి తెలుసుకుని వెళ్లకండి. తప్పిన అభ్యాసాన్ని సంతకంతో సరిపెట్టుకోకుండా, మళ్లీ చేయించమని మీరే అడగండి. మీ శిక్షకులు కాదనరు.