ఇంటికి కంప్యూటర్ కొనేముందు



ఇంట్లోకి ఏ వస్తువు కొన్నా నాలుగు చోట్ల విచారించి, చేత్తో పట్టుకు చూసి, బేరమాడి మరీ కొనడం మన అలవాటు. పట్టుచీర అయితే అంచు తిరగేసి చూస్తాం. బియ్యం అయితే నాలుగు గింజలు నోట్లో వేసుకుని పాతవో కొత్తవో చెప్పేస్తాం. బంగారం కొంటే హాల్‌మార్కు ఉందా, తరుగు ఎంత వేశారు అని అడగనిదే దుకాణం మెట్లు దిగం. ఇంత నేర్పు ఉన్న మనమే కంప్యూటర్ అనేసరికి మాత్రం "అదంతా మనకేం తెలుస్తుందిలే, తండ్రీ కొడుకులు వెళ్ళి చూసుకుంటారు" అని వంటింట్లోకి వెళ్ళిపోతాం.

కాని ఆ డబ్బు ఎక్కడిదండీ? చాలా ఇళ్ళల్లో అది మనం నెలనెలా కట్టిన చీటీ డబ్బు. లేదా పొదుపు సంఘంలో తెచ్చిన అప్పు. ఒకసారి ఖర్చయిపోతే మళ్ళీ అయిదారేళ్ళదాకా అంత మొత్తం ఒక్కసారిగా చేతికి రాదు. అందుచేత ఈ విషయంలో మనం పక్కకు తప్పుకోకూడదని నా అభిప్రాయం. నేను మెట్రిక్ వరకే చదివాను, ఇంజనీరును కాను. అయినా మా ఇంట్లో కొనవలసి వచ్చినప్పుడు తెలిసినవాళ్ళను అడిగి, రెండు మూడు దుకాణాలు తిరిగి తెలుసుకున్న సంగతులు మీతో చెబుతాను. వంట వచ్చిన ఏ ఇల్లాలికైనా ఇవి అర్థమవుతాయి.

దుకాణానికి వెళ్ళకముందే చేయవలసిన పని ఒకటుంది. ఒక కాగితం తీసుకుని, ఈ కంప్యూటర్ మీద మన ఇంట్లో ఎవరు ఏం పని చేస్తారో రాయండి. అమ్మాయి బి.కాం. చదువుతోంది, టాలీ నేర్చుకోవాలి. అబ్బాయి ఆన్‌లైన్‌లో పాఠాలు వింటాడు. ఆయన ఉత్తరాలు, లెక్కలు రాసుకుంటారు. మీరు కరెంటు బిల్లు కడతారు. ఈ పనులు ఏవీ పెద్ద యంత్రం అడగవు. మామూలు కంప్యూటర్ చాలు. వీడియోలు కూర్చి అమ్ముకునేవారికి, ఇళ్ళ నమూనాలు గీసే చదువు చదివేవారికి, పెద్ద పెద్ద ఆటలు ఆడేవారికి మాత్రమే గ్రాఫిక్స్ కార్డు అనే అదనపు భాగం కావాలి. అది ఖరీదైనది. మీ కాగితంలో ఆ పని లేకపోతే, ఆ మాట వచ్చినప్పుడు "మాకక్కర్లేదు" అని నిక్కచ్చిగా చెప్పండి.

ల్యాప్‌టాప్ కొనాలా, బల్ల మీద పెట్టుకునే డెస్క్‌టాప్ కొనాలా అన్నది తరువాతి ప్రశ్న. పిల్లలు హాస్టల్లో ఉంటే, యంత్రాన్ని వెంట తీసుకుపోవాలంటే ల్యాప్‌టాప్ తప్పదు. ఇంట్లోనే ఉండి నలుగురూ వాడుకునేదయితే డెస్క్‌టాప్ మేలు. తెర పెద్దది కనుక కళ్ళకు సుఖం. పైగా ఏదైనా భాగం పాడయితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. మిక్సీలో జారు పాడయితే జారు మార్చుకుంటాం గాని మిక్సీ పారేయం కదా, ఇదీ అంతే.

ఇక లోపలి సంగతి. ముఖ్యంగా మూడు భాగాలు గుర్తు పెట్టుకుంటే చాలు. ప్రాసెసర్ అంటే పని చేసే మనిషి అనుకోండి. ర్యామ్ అంటే ఆ మనిషి ముందున్న వంటగట్టు. గట్టు ఇరుకైతే ఒక గిన్నె దించితేగాని ఇంకొకటి పెట్టలేం. అలాగే ర్యామ్ తక్కువైతే ఎంత మంచి ప్రాసెసర్ అయినా నత్తనడక నడుస్తుంది. ఈ రోజుల్లో 8 జి.బి.కి తగ్గితే ఇబ్బంది. 16 ఉంటే చాలాకాలం చూసుకోనక్కర్లేదు. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కాబట్టి ఇప్పటికి 8 వేయించుకుని, రెండోది పెట్టుకోవడానికి ఖాళీ చోటు ఉందో లేదో అడిగి తెలుసుకోవడం తెలివైన పని.

మూడోది సామాన్లగది, అంటే మన పాఠాలు, ఫోటోలు దాచే చోటు. ఇందులో రెండు రకాలు. లోపల పళ్ళెం తిరిగే పాత హార్డ్ డిస్కు ఒకటి, తిరిగే భాగాలే లేని ఎస్.ఎస్.డి. ఒకటి. దుకాణంలో "వెయ్యి జి.బి. ఇస్తున్నానమ్మా" అంటే సంతోషపడకండి. అది ఏ రకం అని అడగండి. వెయ్యి జి.బి. హార్డ్ డిస్కు ఒక్కటే ఉన్న యంత్రం కంటే 256 జి.బి. ఎస్.ఎస్.డి. ఉన్న యంత్రం ఎంతో చురుగ్గా లేస్తుంది. 512 అయితే ఇంకా నిశ్చింత. తక్కువ డబ్బులో కంప్యూటర్ కొనేవారు అన్నిటికంటే ముందు పట్టుబట్టవలసింది ఈ ఎస్.ఎస్.డి. దగ్గరే.

ప్రాసెసర్ దగ్గరికి వద్దాం. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే.

మా వీధి చివర బట్టలు కుట్టే ఒకావిడ ఉంది. భర్త లేడు. కూతురు డిగ్రీ చదువుతోంది. ఆవిడ చీటీ పాడుకుని, ఆ డబ్బుతో కూతురికి కంప్యూటర్ కొన్నది. దుకాణదారు "ఇది ఐ7 అమ్మా, ఐ3, ఐ5ల కంటే పెద్దది, మీకు కాబట్టి ఈ ధరకు ఇస్తున్నాను" అన్నాడట. అద్దాల పెట్టె, లోపల రంగురంగుల దీపాలు. నాలుగు నెలలు తిరక్కుండానే అది మొరాయించడం మొదలుపెట్టింది. తెలిసిన కుర్రవాడు వచ్చి చూస్తే లోపలున్నది ఐ7-2600. అది 2011లో వచ్చిన ప్రాసెసర్! పాత యంత్రంలోంచి తీసి కొత్త పెట్టెలో పెట్టారన్నమాట. పైన పటారం, లోన లొటారం. విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ దాని మీద అనుమతించదు. ర్యామ్ పెంచుదామంటే దానికి సరిపడేది పాత రకం. బిల్లు చూపించమంటే ఒక తెల్లకాగితం మీద "కంప్యూటర్ సెట్టు ఒకటి" అని రాసి ఉంది. ఇంకేం అడుగుతారు? ఆ పిల్ల పరీక్షలయ్యేదాకా స్నేహితురాలి ఇంటికి వెళ్ళి చదువుకుంది. రాత్రి ఎనిమిదింటికి తల్లి మిషను కట్టేసి వెళ్ళి వెంటబెట్టుకు వచ్చేది.

ఆవిడ బేరమాడలేదని కాదు. గట్టిగానే ఆడింది. అడగవలసిన ప్రశ్న ఏమిటో ఆవిడకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ ప్రశ్న ఇది: "ఐ తరువాత అంకె సరే, దాని తరువాత వచ్చే అంకెలు ఏమిటి?" ఇంటెల్ వారి ఐ3, ఐ5, ఐ7 పేర్ల పక్కన నాలుగు గాని అయిదు గాని అంకెలుంటాయి. డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో నాలుగు అంకెలుంటే మొదటి అంకె తరం. ఐ7-2600 అంటే రెండో తరం. అయిదు అంకెలుంటే మొదటి రెండూ తరం. ఐ3-12100 అంటే పన్నెండో తరం, 2022లో వచ్చింది. పేరుకు ఐ3యే అయినా ఆ పాత ఐ7 కంటే ఇది ఎంతో ముందుంటుంది. ఇంటి పనులకు ఇలాంటి ఐ3 నిక్షేపంలా సరిపోతుంది. అంకెల చివర ఎఫ్ అక్షరం ఉంటే జాగ్రత్త. దానికి వేరే గ్రాఫిక్స్ కార్డు పెడితేగాని తెర మీద బొమ్మ రాదు. ఎ.ఎం.డి. వారి రైజెన్ ప్రాసెసర్లూ మంచివే. కొత్తగా వస్తున్న కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లకు ఐ అక్షరం లేకుండా పేర్లు పెడుతున్నారు. అటువంటప్పుడు "ఇది ఏ సంవత్సరంలో విడుదలైంది?" అని అడగండి చాలు.

డబ్బు మరీ తక్కువైతే వాడినది కొనడం తప్పేమీ కాదు. ఆఫీసుల్లో వాడి తీసేసిన కంప్యూటర్లను శుభ్రపరచి అమ్ముతుంటారు. వాడినదని చెప్పి అమ్మాలి, వాడినదాని ధరకు ఇవ్వాలి. అంతే తేడా. విండోస్ 10కి మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11కేమో ఇంటెల్‌లో ఎనిమిదో తరమైనా ఉండాలి. కనుక వాడినది కొన్నా ఎనిమిదో తరానికి తగ్గవద్దు.

విండోస్ ఉచితం కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. ధరలో అది కలిసి ఉందా, అసలైనదేనా అని అడిగి బిల్లులో రాయించండి. టాలీ వంటివి నేర్చుకునేవారికి విండోస్ కావాలి. ఉత్తరాలు, లెక్కలు, పాఠాలు వినడం వరకే అయితే ఉబుంటు అనేది పైసా ఖర్చు లేకుండా వస్తుంది. లిబ్రే ఆఫీస్ కూడా ఉచితమే. రెండింటిలోనూ తెలుగు చక్కగా రాసుకోవచ్చు.

ఇప్పుడు ఎక్కడ తగ్గించుకోవచ్చో చూద్దాం. రంగు దీపాల పెట్టె వద్దు. తీగలేని కీబోర్డు, మౌసు వద్దు, తీగ ఉన్నవి చవక. ఇంట్లో హెచ్.డి.ఎం.ఐ. రంధ్రం ఉన్న టీవీ ఉంటే, మానిటర్ కొనే డబ్బు కూడేదాకా దానికే తగిలించుకోవచ్చు. ఎక్కడ తగ్గించకూడదంటే, లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్.ఎం.పి.ఎస్. దగ్గర. ఊరూ పేరూ లేనిది పెడితే అది పోతూ పోతూ మిగతావాటినీ తీసుకుపోగలదు. యు.పి.ఎస్. దగ్గర కూడా వెనుకాడకండి. ఏనుగును కొని అంకుశానికి వెనుదీసినట్లు ఉంటుంది. 600 వి.ఎ. యు.పి.ఎస్. సాధారణంగా పది పదిహేను నిమిషాలు నిలబెడుతుంది. రాసింది భద్రం చేసుకుని కంప్యూటర్ ఆపడానికి అది చాలు. లేజర్ ప్రింటరును మాత్రం దానికి తగిలించకండి. ఇంట్లో ప్లగ్గుకు ఎర్తింగు సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించుకోవడం కూడా మరవకండి.

చాలా డెస్క్‌టాప్‌లలో కెమెరా, మైకు ఉండవు. కొన్నింటిలో వైఫై కూడా ఉండదు. ముందే అడగకపోతే ఇంటికి వచ్చాక మళ్ళీ ఖర్చు. కరెంటు బిల్లు ఎంత పెరుగుతుందోనని భయపడేవారికి ఒక లెక్క చెబుతాను. యంత్రం, తెర కలిసి 80 వాట్లు తీసుకుంటాయనుకుంటే, రోజుకు 5 గంటలు వాడితే నెలకు 12 యూనిట్లు. ఏమంత భారం కాదు.

ఇక దుకాణంలో. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళినా, మీ ఊరి దుకాణానికి వెళ్ళినా, మొదటి రోజు డబ్బు పట్టుకెళ్ళకండి. ఒక్కొక్క భాగానికి ధర విడివిడిగా రాయించుకుని రండి. మూడు చోట్ల రాయించిన కాగితాలు పక్కపక్కన పెడితే ఎవరు ఎక్కడ ఎక్కువ వేశారో మీకే తెలుస్తుంది.

కొనే రోజు యంత్రాన్ని అక్కడే నడిపించి చూపించమనండి. విండోస్ వేసి ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలు ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్నచోట నొక్కితే ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత, ఎన్ని చోట్లు ఖాళీ, డిస్కు ఏ రకం అన్నీ కనబడతాయి. కాగితంతో సరిచూసుకోండి. బంగారాన్ని కాంటా మీద పెట్టించడం లాంటిదే ఇది. నిజాయితీగల దుకాణదారు ఏమీ అనుకోడు.

చివరిది బిల్లు. జి.ఎస్.టి. బిల్లు తీసుకోండి. కంప్యూటర్ మీద పన్ను నూటికి 18. పన్ను మిగులుతుందని తెల్లకాగితం తీసుకుంటే గ్యారంటీకి ఆధారం ఉండదు. ప్రతి భాగం పేరు, సీరియల్ నంబరు, ఎన్నేళ్ళ వారంటీయో బిల్లులో ఉండాలి. వారంటీ అన్ని భాగాలకూ ఒకేలా ఉండదు, దుకాణం ఇస్తుందా తయారుచేసిన కంపెనీ ఇస్తుందా అన్నదీ అడగాలి. తేడా వచ్చి దుకాణదారు పలకకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అప్పుడూ మిమ్మల్ని అడిగేది ఆ బిల్లే.

మా వీధి ఆవిడ ఇప్పుడు మళ్ళీ చీటీ కడుతోంది. ఈసారి తాను కూడా దుకాణానికి వెళతానంటోంది. పైన చెప్పిన ప్రశ్నలన్నీ కొలతల పుస్తకం వెనక అట్ట మీద రాసుకుంది. మీరూ రాసుకోండి. పని ఏమిటి, ప్రాసెసర్ ఏ తరం, ర్యామ్ ఎంత, ఎస్.ఎస్.డి. ఉందా, వారంటీ ఎవరిది, బిల్లు ఏది. ఈ ఆరు ప్రశ్నలూ అడిగిన తరువాతే కొంగు ముడి విప్పండి.