చిరిగిన విరాటపర్వము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను పండితుడను గాను. ఊరి లెక్కలు వ్రాసికొనుచు, రాత్రివేళ నిఘంటువు ప్రక్కన బెట్టుకొని భారతము చదువుకొన్నవాడను. ఈ గ్రంథాలయము పుట్టిననాటి నుండి దీని జమాఖర్చులును నావే. కార్యవర్గమువారు గ్రంథాలయ చరిత్ర చెప్పుమనిరి. అందులో ఒక్క పద్దును గూర్చియే చెప్పెదను.

పండ్రెండేండ్ల క్రిందట ఒక చందాదారురాలు, పేరు చెప్పను, విరాటపర్వమును ఇంటికి గొనిపోయెను. మూడు వారములకు తెచ్చి యిచ్చునప్పటికి అట్ట యూడి, పుటలు నడిమికి చినిగి యుండెను. నిబంధన ప్రకారము 60 రూపాయలు అపరాధ రుసుము వ్రాసితిని. ఆమె కొంగుముడి విప్పి చెల్లించెను. ముంజేతి మీద కమిలిన మచ్చ నా కంటబడినది. ఏమమ్మా యని యడిగితిని. "గడప తగిలినదండి" అనెను. గడప ముంజేతికి తగులదని లెక్కలవానికి తెలియదా? తెలిసియు రసీదు చింపి యిచ్చితిని.

మరుసటి యేడు ఆమె తండ్రి పెద్దలను కూర్చుండబెట్టినపుడు అరుగుమీద నేనును ఒకడను. "సంసారమన్న తరువాత సర్దుకొనిపోవలెనమ్మా" అన్నది నేనే. ఆమె నావంక చూచి, "ఆ పుస్తకము నా తలమీదనే చినిగినదండి" అనెను. ఆపైన ఎవ్వరును మాటాడలేదు. ఆమెను మరల ఆ యింటికే పంపితిమి.

వానలు పడని యేట విరాటపర్వము చదివించుట మన యాచారము. కీచకుడు నిండుసభలో ద్రౌపదిని తన్నగా విరటుడు మిన్నకుండెను. అచ్చటనే యున్న ధర్మరాజును, భీముడును అజ్ఞాతవాసము చెడునని ఓర్చుకొనిరి. ఆ ఘట్టము రాగానే పెద్దలమందరము కన్నులొత్తుకొందుము. ప్రక్కయింటి కేక వినబడినచో మాత్రము తలుపు వేసికొందుము. మనకు అజ్ఞాతవాసము కూడ లేదే! మరియొక వింత: పారిజాతాపహరణమున సత్యభామ ఎడమకాలు తలకు తగిలినను కృష్ణుడు ఆమె పాదము నొచ్చెనేమో యని చింతించెను. ఆ పద్యమును రాగము తీసి పాడువారిని ఎరుగుదును. కూరలో ఉప్పు తక్కువైననాడు వారేమి చేయుదురో అదియు నెరుగుదును.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో యొక కారణమునకు భర్త భార్యను కొట్టుట తగునన్న స్త్రీలు ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను నూటికి 83 మందికి పైగా నున్నారు. పురుషులలో ఆ సంఖ్య తక్కువ! ఈ లెక్కను మూడుమారులు సరిచూచితిని. మన యరుగుల మీద చెప్పిన పాఠమునే వారు అప్పగించిరి.

శాసనము మనకంటె ముందు నడచినది. 1983లో భర్తయు అతని బంధువులును పెట్టు క్రౌర్యము శిక్షార్హమైన నేరమైనది. 2005లో చేసిన గృహహింస చట్టము 2006 అక్టోబరు 26 నుండి అమలులోనికి వచ్చెను. దానిలో దెబ్బలే గాక తిట్లును, డబ్బీయక మాడ్చుటయు హింసయే. ఇల్లు ఎవరి పేరనున్నను, కాపురమున్న యింట నివసించు హక్కు ఆమెకు కలదు. పట్టా ఎవరిదని మాత్రమే చూచుట కలవాటుపడిన నాకు ఇది కొత్త. హింస నెరిగిన యెవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చును. సద్భావముతో తెలిపినవానిపై ఏ బాధ్యతయు రాదు. 181 నంబరునకు ఫోను చేయవచ్చును. పోయిన నెలలో మన వీధిలోనే అర్ధరాత్రి కేక విని యిద్దరు కోడండ్రు పోయి తలుపు తట్టిరి. నేను వారి వెనుక నిలిచితిని, ముందు నిలువలేదు.

ఆమె ఇప్పుడు వేరొక యూర కుట్టుపని చేసికొనుచు కూతురిని చదివించుచున్నది. ఆ 60 రూపాయలు ఆమెకు తిప్పి పంపితిని. రిజిస్టరులో "అన్యాయముగా వసూలు చేసినది" అని వ్రాసి సంతకము చేసితిని. ఆడిటువారు ఆక్షేపించినచో జవాబు నాది. పుస్తకమునకు అట్ట వేయించి మూడవ బీరువాలో నుంచితిని. సెలవు.