సౌరవిద్యుత్తు - సస్యభూమి
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యార్థివేతనములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు బెద్దలు ముచ్చటించిరి. మేము నేలను గూర్చి నాలుగుమాటలు మనవి చేయ నెంచితిమి. పట్టణములలో నుద్యోగములు చేయు మనవారికిని ఏలూరు చుట్టుపట్లనో, తాడేపల్లిగూడెము సీమయందో, కొల్లేటి యంచుననో రెండు మూడెకరములు కౌలున కిచ్చినవి కలవు. వానిని సౌరవిద్యుత్తునకై యిరువదియైదేండ్లు వ్రాసి యిమ్మని యడుగువారు వచ్చినచో మనము చెప్పవలసిన ప్రత్యుత్తర మేమి?

సౌరవిద్యుత్తునకు మేము విరోధులము కాము. బొగ్గు కాల్చకయే దీపము వెలుగుట కంటె గోరదగిన దేమున్నది? అయినను ఒక్క మెగావాటునకు నాలుగు మొదలు ఆరెకరముల స్థలము పట్టును. కర్నూలు సీమలో గని, శకునాల గ్రామముల యొద్ద 2017లో నెలకొల్పిన 1,000 మెగావాట్ల కేంద్రము సుమారు 6,000 యెకరములలో వ్యాపించి యున్నది. అది వానకై యెదురు చూచు మెట్టసీమ. గోదావరి కాలువల క్రింది మాగాణితో దానికి సామ్యము లేదు.

అమరసింహుడు మట్టికి మృత్తిక యనియు, మేలైన మట్టికి మృత్స్న యనియు, సారవంతమైన నేలకు ఉర్వర యనియు, చవిటినేలకు ఊషర మనియు వేర్వేరు పేళ్లు చెప్పినాడు. ఇవి యొకదానికొకటి పర్యాయపదములు కావు. సేద్యకాని కంటితో జేసిన విభాగములు. నేటి యొప్పందపత్రములలో మాత్ర మన్నియు నెకరములే!

మన డెల్టా నేల గోదావరి వేలయేండ్లు మోసితెచ్చిన యొండ్రుమట్టి. 1852లో ధవళేశ్వరపు టానకట్ట ముగిసి కాలువలు పారినపిదప దానికి నిలుకడగా నీరబ్బినది. పైరునకు బలమిచ్చునది ముఖ్యముగా నందలి జానెడు పైమట్టి. అంగుళము మట్టి యేర్పడుటకు శతాబ్దములు పట్టునని శాస్త్రజ్ఞు లందురు. ఫలకములు నీడ నిచ్చుటచేతనే నేల చెడదు. చెడునది వానిని నిలుపు పనులచేతను. చదును చేయుటకై పైమట్టిని గీకి యొకమూలకు ద్రోయుదురు. తీగెలకై కందకములు త్రవ్వి యడుగుమట్టిని పైమట్టితో గలుపుదురు. తడిసిన రేగడిపై బరువైన బండ్లు నడిపినచో నేల యడుగున గట్టిపడి, వేరు దిగదు, నీ రింకదు. పిదప బాటలకు గ్రావెలు పోయుదురు. ఆ బాటలు బోదెలకును మురుగుకోడులకును అడ్డుపడినచో నీరు ప్రక్కచేలమీదికి వచ్చును. కొల్లేటి వైపు పల్లమున నీ యపాయము మరింత హెచ్చు. బుడమేరు, తమ్మిలేరు దింపిన నీటికి సముద్రమునకు బోవ నుప్పుటే రొక్కటియే గదా! ఒకరు కౌలు పుచ్చుకొన్నందులకు పదిమంది పొరుగువారి సార్వా మునుగుట న్యాయమా?

ఇట్టి దానికి మనకు దృష్టాంతము కన్నులయెదుటనే యున్నది. కొల్లేటి చుట్టును వరిచేలను చేపలచెరువులుగా మార్చినప్పుడు అందలి మట్టినే గీకి గట్లు పోసిరి. 2006లో ప్రభుత్వము అభయారణ్యపు హద్దులోని గట్లనేకములు కొట్టించినది. గట్టు నొక్కదినమున గొట్టవచ్చును. తిరుగబడిన పొరలను మరల వరుసగా బేర్చు యంత్రము మే మెరుగము.

మెట్టకు బొమ్మనవచ్చును గదా యందురు. మెట్టయంతయు బీడు కాదు. ఆయిల్‌పామ్ పరిశోధనాసంస్థ యున్న పెదవేగి వైపు తోటలను జూచినవా రెవ్వరు నట్లనరు. కొల్లేటిపైననే తేల్చరాదా యనువారికి అది 1999 నుండి యభయారణ్య మనియు, 2002 నుండి రామ్‌సార్ చిత్తడినేల యనియు జ్ఞాపకము చేయవలయును.

మరి యెచ్చట బెట్టవలయును? 2012లో గుజరాతున చంద్రాసన్ గ్రామమున నర్మదా కాలువపై 1 మెగావాటు ఫలకములు పఱచిరి. మన భీమవరము చెంత గొల్లవానితిప్ప యొద్ద లోసరి కాలువపైనను అట్టిదే నిలిపిరి. 2021లో విశాఖ యొద్ద సింహాద్రి కర్మాగారపు జలాశయముపై 25 మెగావాట్లవి తేల్చిరి. కాలువపై బెట్టుటకు వ్యయ మధికమగును, నిజమే. ఇండ్ల మేడలు, బడులు, ధాన్యపు గిడ్డంగులు మన యూళ్లలో నెన్ని లేవు? జపానువారు మనవలె నన్నము దినువారు. వారు 2013 నుండి పొలములలో నెత్తైన స్తంభములపై ఫలకముల కనుమతి నిచ్చుచు, పంట యా ప్రాంతపు దిగుబడికంటె నైదవవంతునకు మించి తగ్గరాదని నియమించిరి. మనదేశమున 2019 నాటి కుసుమ్ పథకమునను సాగునేలపై నట్లే యెత్తుగా నిలిపి క్రింద బైరు పెట్టుటకు వీలున్నది.

ఇంత చెప్పినను కొందఱు కౌలు పత్రముపై సంతకము చేయుదురు. పిల్లల చదువు, ఋణబాధ మే మెరుగనివి కావు. అట్టివారు పైమట్టిని గీకరాదనియు, తప్పనిసరి యైనచో వేరుగా గుప్పవేసి తిరిగి పఱపవలెననియు, బోదెలను గోడులను మూయరాదనియు, గడువు తీరగానే స్తంభములు, గ్రావెలు, తీగెలు తీసికొనిపోవలెననియు, అందులకగు సొమ్మును ముందే డిపాజిటు చేయవలెననియు స్పష్టముగా వ్రాయించుకొనవలయును. గుత్తదారు సంస్థ మధ్యలో మూతబడినచో ఆ యినుము నెవ్వరు తీయుదురు? భూస్వామికి కౌలు ముట్టును సరియే; ఆ చేనిని దున్నుచున్న కౌలుదారునకు, నాట్లువేయు కూలీలకు నేమి ముట్టునో కూడ నా సంతకమునకు ముందే యడుగవలయును. మనవారిలో కౌలుదారులే యెక్కువమంది యని మఱువరాదు.

కావున మే మొక తీర్మానమును సభ ముందుంచుచున్నాము. సంఘమునందలి న్యాయవాదులు మువ్వురు కూడి పై షరతులతో నొక నమూనా పత్రమును తెలుగున సిద్ధపఱచి, కోరినవారి కుచితముగా నీయవలయును. మఱియు మన సంఘభవనపు మేడపై ఫలకములకు జాలిన తావెంత కలదో కొలిపించి కార్యవర్గమునకు దెలుపవలసినదిగా గార్యదర్శిగారిని గోరుచున్నాము. నీళ్లతొట్టి నీడ పడు భాగమును విడిచి కొలువవలయును.