దగ్గితే, తుమ్మితే మూత్రం పడుతోందా? కుర్చీ చికిత్స గురించి తెలుసుకోండి



నలుగురిలో చెప్పుకోలేని ఒక బాధ గురించి ఈరోజు మాట్లాడుకుందాం. దగ్గినా, తుమ్మినా, నీళ్ళ బిందె ఎత్తినా కొందరికి బట్టలు తడిసిపోతాయి. మరికొందరికి మరుగుదొడ్డికి చేరేలోపే మూత్రం పడిపోతుంది. ఈ భయంతో పెళ్ళిళ్ళకు, బస్సు ప్రయాణాలకు దూరమవుతారు. నీళ్ళు తాగడం తగ్గిస్తారు. దానివల్ల మూత్రంలో మంట, మలబద్ధకం వస్తాయేగాని బాధ తగ్గదు. "పిల్లల్ని కన్నాక ఇది మామూలే" అని సరిపెట్టుకోకండి. దీనికి వైద్యం ఉంది.

మూత్రాశయాన్ని, గర్భసంచిని, పెద్దపేగు చివరి భాగాన్ని కింది నుండి ఊయలలా మోసే కండరాలున్నాయి. వాటిని పెల్విక్ ఫ్లోర్ కండరాలంటారు. కాన్పుల్లో సాగిపోవడం, ముట్లు ఆగిపోవడం, అధిక బరువు, ఏళ్ళ తరబడి దగ్గు, మలబద్ధకం వల్ల ఇవి బలహీనపడతాయి.

మొదటి వైద్యం వ్యాయామమే. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. గాలి పోకుండా ఆపుకున్నట్టు కింది కండరాలను లోపలికి బిగించి, కొన్ని సెకన్లు ఉంచి వదలాలి. ఒక్కోసారి 8 చొప్పున, రోజుకు 3 సార్లు, కనీసం 3 నెలలు చేయాలి. ఊపిరి బిగపట్టకూడదు. దీనికి పైసా ఖర్చు లేదు.

అయితే ఏ కండరాన్ని బిగించాలో కొందరికి తెలియదు. అలాంటివారికి కుర్చీ చికిత్స తోడ్పడవచ్చు. కుర్చీ అడుగున తీగచుట్ట ఉంటుంది. అందులో విద్యుత్తు వేగంగా మారుతుంటే అయస్కాంత క్షేత్రం పుట్టి, శరీరంలోకి వెళ్ళి నరాలను ప్రేరేపిస్తుంది. అప్పుడు కండరాలు వాటంతటవే బిగిసి వదులవుతాయి. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. కోత, సూది, మత్తు ఉండవు. బట్టలు విప్పనక్కరలేదు. సాధారణంగా 20 నుండి 30 నిమిషాల చొప్పున, వారానికి రెండుసార్లు, కొన్ని వారాలు కూర్చోవాలి. అమెరికాలో 1998లోనే ఇలాంటి కుర్చీకి అనుమతి లభించింది.

ఇది ఎంతవరకు పనిచేస్తుంది? మలేసియాలో 120 మంది స్త్రీలపై జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. నిజమైన చికిత్స పొందిన 60 మందిలో 45 మందికి, ఉత్తుత్తి చికిత్స పొందిన 60 మందిలో 13 మందికి గుణం కనిపించింది. కాని అన్ని పరిశోధనల్లోనూ ఇంత మేలు కనబడలేదు. కాబట్టి "అందరికీ నయం" అనే ప్రకటనలు చూసి అప్పు చేయకండి. చికిత్స తర్వాత కూడా వ్యాయామం కొనసాగించాలి. బజారులో అమ్మే అయస్కాంతపు బెల్టులకూ దీనికీ సంబంధం లేదు.

గర్భిణులు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు, తుంటిలోగాని నడుములోగాని లోహపు కడ్డీలు, రాగి కాపర్-టి ఉన్నవారు ఈ కుర్చీలో కూర్చోకూడదు. ముందే డాక్టరుగారికి చెప్పండి.

ముఖ్యమైన మాట మరొకటి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశ సగటు సుమారు 3 శాతమే. కేవలం మూత్రం కారుతోందని గర్భసంచి తీయించుకోకండి. దానివల్ల ఈ బాధ పోదు. ఎవరైనా ఆపరేషన్ అంటే మరో డాక్టరును కూడా అడగండి.

మూత్రంలో రక్తం పడినా, కాన్పు తర్వాత రాత్రింబవళ్ళు ఆగకుండా కారుతున్నా, హఠాత్తుగా కాళ్ళు పట్టు తప్పినా ఆలస్యం చేయకండి. వాటికి వేరే వైద్యం కావాలి.

అమ్మా, సిగ్గుపడకండి. మీ కోడలికి, మీ అత్తగారికి కూడా ఈ సంగతి చెప్పండి. వ్యాయామం ఈ రాత్రే మొదలుపెట్టండి. మూడు నెలలు చేసినా గుణం లేకపోతే వైద్యులను కలవండి.