ఆకాశంలో రెండు విమానాల మధ్య ఎంత దూరం ఉండాలి?

మీలో చాలామంది ఫోన్‌లో ఫ్లైట్ ట్రాకింగ్ యాప్ చూసే ఉంటారు. మ్యాప్ నిండా విమానాలు చీమల్లా కదులుతుంటాయి. ఒక్కోసారి రెండు విమానాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేసినట్టు కనిపిస్తాయి. "అయ్యో, గుద్దుకుంటాయేమో!" అనిపిస్తుంది కదా? ఈసారి వాటి మీద నొక్కి ఆల్టిట్యూడ్ చూడండి. ఒకటి 35,000 అడుగుల్లో, ఇంకోటి 36,000 అడుగుల్లో ఉంటుంది.

రూల్ ఇదే. పైకీ కిందికీ కనీసం 1,000 అడుగుల తేడా ఉండాలి. అంటే సుమారు 300 మీటర్లు. అంత తేడా లేకపోతే పక్కకైనా దూరం ఉండాలి. రాడార్ కనిపెట్టి చూస్తున్న చోట మామూలుగా 5 నాటికల్ మైళ్ళు, అంటే 9 కిలోమీటర్ల పైమాటే. ఎయిర్‌పోర్ట్ దగ్గర 3 నాటికల్ మైళ్ళు, అంటే ఐదున్నర కిలోమీటర్లు. ఈ రెండిట్లో ఏదో ఒకటి ఎప్పుడూ ఉండి తీరాలి.

9 కిలోమీటర్లా, అంత దూరం ఎందుకు అంటారా? లెక్క వేద్దాం. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో రెండు విమానాలు ఎదురెదురుగా వస్తున్నాయనుకోండి. సెకనుకి అర కిలోమీటరు చొప్పున దగ్గరవుతాయి. ఆ 9 కిలోమీటర్లు అయిపోవడానికి పట్టేది 18 సెకన్లే! పైలట్ చూసి, ఆలోచించి, విమానాన్ని తిప్పేలోపే టైమ్ అయిపోతుంది.

అందుకే ఎత్తులు కూడా పంచేశారు. తూర్పు వైపు వెళ్ళేవాటికి బేసి వేలు, పడమర వైపు వెళ్ళేవాటికి సరి వేలు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్ళేటప్పుడు 35,000 లేదా 37,000. తిరుగు ప్రయాణంలో 34,000 లేదా 36,000. ఒకే దారి, వేరే వేరే అంతస్తులు అన్నమాట.

మరి ఈ రూల్ తప్పితే ఏమవుతుంది? 1996 నవంబర్ 12, సాయంత్రం. ఢిల్లీ నుంచి సౌదీ బోయింగ్ 747 పైకి లేచింది. దానికి 14,000 అడుగుల దగ్గర ఆగమన్నారు. ఎదురుగా కజకిస్తాన్ ఇల్యూషిన్ 76 ఢిల్లీకి దిగుతోంది. దానికి 15,000 దగ్గర ఆగమన్నారు. ఎదురుగా విమానం వస్తోందని కూడా చెప్పారు. కానీ అది 15,000 దగ్గర ఆగలేదు, ఇంకా కిందికి దిగిపోయింది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర రెండూ గుద్దుకున్నాయి. 349 మంది చనిపోయారు. ఒక్కరు కూడా బతకలేదు. గాల్లో విమానాలు ఢీకొన్న ప్రమాదాల్లో ప్రపంచంలో ఇప్పటికీ ఇదే పెద్దది.

అప్పుడు ఢిల్లీలో వచ్చేవాటికీ వెళ్ళేవాటికీ ఒకటే దారి. కంట్రోలర్ ముందున్న రాడార్‌లో విమానాలు చుక్కల్లా కనిపించేవి, ఎత్తు మాత్రం తెలిసేది కాదు. పైలట్ రేడియోలో చెప్పిందే ఆధారం. ఆ తర్వాతే దారులు విడదీశారు, ఎత్తు చూపించే రాడార్లు వచ్చాయి. మన దేశంలో ప్రయాణికుల విమానాలకి టీకాస్ అనే పరికరం తప్పనిసరి చేశారు.

రెండు విమానాల్లోని టీకాస్‌లు తమలో తాము మాట్లాడుకుంటాయి. ప్రమాదం దగ్గరపడితే ఒకదాన్ని "పైకెళ్ళు" అంటుంది, ఇంకోదాన్ని "దిగు" అంటుంది. మరి అదే టైమ్‌లో కంట్రోలర్ దానికి వ్యతిరేకంగా చెబితే? 2002 జూలై 1 రాత్రి జర్మనీలోని ఊబర్లింగెన్ పైన ఇదే జరిగింది. రష్యా విమానాన్ని టీకాస్ పైకెళ్ళమంది, కంట్రోలర్ దిగమన్నాడు. పైలట్లు దిగారు. రెండో విమానం కూడా తన టీకాస్ మాట విని దిగుతోంది. 71 మంది పోయారు, అందులో చాలామంది పిల్లలు. ఇప్పుడు రూల్ స్పష్టం: అలాంటి క్షణంలో టీకాస్ మాటే వినాలి.

కాబట్టి ఫ్రెండ్స్, ఈసారి కిటికీలోంచి చూస్తే కింద ఇంకో విమానం సర్రున దూసుకుపోతే భయపడకండి. మధ్యలో 1,000 అడుగులు ఉన్నాయి. ఆ అంకెని కాపాడుకోవడం ఎంత ముఖ్యమో ప్రాణాలు పోయాకే ప్రపంచానికి గట్టిగా తెలిసొచ్చింది. మీ డౌట్లు కామెంట్‌లో అడగండి.