ఎవరి శ్రమ, ఎవరి సమాచారం?

(అటవీ సరిహద్దు గ్రామాల్లో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల సమావేశంలో, భద్రాచలంలో చేసిన ప్రసంగ పాఠం)



"కొత్త ఆవిష్కరణలు రావాలంటే సమాచారాన్ని అందరూ పంచుకోవాలి." ప్రభుత్వాలు కంపెనీలతో చేసుకునే ఒప్పందాల్లోనూ, దేశాలు దేశాలతో చేసుకునే ఒడంబడికల్లోనూ ఈ మాట ఇప్పుడు తరచుగా కనిపిస్తోంది. వినటానికి మంచి మాటే. కాని మన పల్లెల్లో పంపకం అంటే లెక్క ఉంటుంది. పాలుకిచ్చిన పొలంలో పంట పండితే కళ్లంలోనే ఎవరి వాటా ఎంతో తేలాలి. ఒకరే బస్తాలన్నీ ఎత్తుకుపోతే దాన్ని ఎవరూ పంపకం అనరు. సమాచారం విషయంలో మాత్రం ఆ లెక్క ఎందుకు అడగటం లేదు? దీన్ని ఈ ప్రాంతపు అనుభవంతోనే పరిశీలిద్దాం.

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకా వెయ్యటం మొదలైంది. గర్భాశయ ముఖద్వార కాన్సర్‌కు కారణమయ్యే వైరస్ నుంచి రక్షణ ఇచ్చే టీకా అది. ఇక్కడ సుమారు 14 వేలమంది పిల్లలకు మెర్క్ కంపెనీ గార్డాసిల్ ఇచ్చారు. గుజరాత్‌లోని వడోదరలో మరో కంపెనీ టీకా ఇచ్చారు. అమెరికాకు చెందిన పాథ్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పథకం ఇది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. భారత్‌తోపాటు పెరూ, ఉగాండా, వియత్నాం దేశాల్లోనూ పాథ్ ఇదే పని చేసింది.

దీన్ని క్లినికల్ ట్రయల్ అనలేదు, "ప్రదర్శనా పథకం" అన్నారు. అంటే ఏమిటి? టీకా అప్పటికే కంపెనీలో తయారై ఉంది. ఈ మండలాల్లో తయారు కావలసింది సమాచారం. పిల్లల్ని బడిలో పోగెయ్యటం తేలికా, ఊళ్లోనా? తల్లిదండ్రులు ఒప్పుకుంటారా? మూడు డోసులకూ ఎంతమంది వస్తారు? ఖర్చెంత? జాతీయ కార్యక్రమంలో ఈ టీకాను చేర్చాలంటే ప్రభుత్వాలకు ఈ జవాబులు కావాలి. ప్రభుత్వాలు కొంటే కంపెనీలకు మార్కెట్ దొరుకుతుంది. ఈ విలువైన సరుకు మన ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో తయారైంది.

పరిశోధనా మండలికీ పాథ్‌కూ మధ్య అవగాహన ఒప్పందం 2007 ఫిబ్రవరిలోనే కుదిరింది. ఈ టీకాలకు మన దేశంలో అనుమతి వచ్చింది 2008లో. అంటే మందుకు అనుమతి రాకముందే, ఆ పిల్లల పేరు కూడా ఎవరికీ తెలియకముందే ఒప్పందం సిద్ధమైంది. మరి ఆ పిల్లల ఒప్పందం సంగతేమిటి? ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారు. కూలికి పోయిన తల్లి ఊళ్లో ఉంది, బిడ్డ హాస్టల్లో ఉంది. సంతకం మధ్యలో ఉన్న ఉద్యోగిది.

2010 మార్చిలో ఢిల్లీకి చెందిన "సమ" సంస్థ మిత్రులు భద్రాచలం వచ్చి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడాకే ఈ సంగతులు దేశానికి తెలిశాయి. ఏప్రిల్‌లో కేంద్రం పథకాన్ని ఆపింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఈ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చునంది, అంగీకారం తీసుకున్న తీరులో లోపాలున్నాయని కూడా చెప్పింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇంకా గట్టిగా మాట్లాడింది. టీకా తరవాత పిల్లలకు ఏమైనా జరిగితే నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదనీ, వాళ్లకు బీమా లేదనీ ఎత్తిచూపింది. ఇది కంపెనీల వ్యాపార ప్రయోజనాలకు పనికొచ్చిందని తప్పుపట్టింది. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఈ కేసులో, పార్లమెంటరీ సంఘాల నివేదికల్ని కోర్టులు పరిశీలించవచ్చని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2018 మేలో తేల్చింది.

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకూడదు. ఈ టీకా కాన్సర్ నుంచి రక్షణ ఇస్తుందని తరవాతి అధ్యయనాలు చూపించాయి. పరిశోధన వద్దని నేను అనను. పరిశోధకురాలిగా నేనూ ప్రశ్నావళి పట్టుకుని ఊళ్లు తిరిగేదాన్నే. సమాచారం ఎంత విలువైనదో చెప్పటానికి మన దేశంలోనే ఉదాహరణ ఉంది. ఖమ్మం గొడవతో 2010లో టీకాలు ఆగినప్పుడు, ఇతర ప్రాంతాల్లో జరుగుతున్న మరో పెద్ద అధ్యయనం కూడా మధ్యలో ఆగింది. అందులో కొందరు పిల్లలకు ఒకే డోసు అందింది. ఏళ్ల తరబడి వాళ్లను పరిశీలిస్తే ఒక్క డోసు కూడా బాగా పనిచేస్తోందని తేలింది. ఒక్క డోసు చాలవచ్చునని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పటానికి ఆధారమైన అధ్యయనాల్లో అదొకటి. మన ఆడపిల్లల శరీరాల నుంచి వచ్చిన సమాచారం ప్రపంచంలో ఎందరి ఖర్చునో తగ్గించింది.

అంత విలువైనదాన్ని చట్టం ఎవరిదిగా గుర్తిస్తోంది? ప్రపంచ వాణిజ్య సంస్థ ట్రిప్స్ ఒప్పందంలో 39వ అధికరణం మూడో భాగం చూడండి. కొత్త మందుకు అనుమతి కోసం కంపెనీ ఇచ్చే పరీక్షల వివరాలను "గణనీయమైన కృషి"తో సంపాదించింది కాబట్టి, ఇతరులు అన్యాయంగా వాడుకోకుండా ప్రభుత్వం కాపాడాలి అంటుంది. ఎవరి కృషి? చెయ్యి చాపిన పిల్ల, జ్వరమొస్తే కూలి మానుకుని కూర్చున్న తల్లి, ఇంటింటికీ తిరిగి రిజిస్టరు నింపిన ఏ.ఎన్.ఎం. ఆ లెక్కలో కనిపించరు. ఇంటి పనిని పనిగా లెక్కించని చూపే ఇక్కడా పనిచేస్తోంది.

ఇంకో విచిత్రం. 1992 జీవవైవిధ్య ఒడంబడిక, 2010 నగోయా ఒప్పందం ప్రకారం మొక్కను తీసుకుపోయినవాడు లాభంలో వాటా ఇవ్వాలి. ఆ ఒడంబడిక సభ్యదేశాల సమావేశం 2012లో మన హైదరాబాద్‌లోనే జరిగింది. అటవీ హక్కుల చట్టం 2006 కూడా జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమూహానికి హక్కు ఇచ్చింది. మనుషుల జన్యు పదార్థం మాత్రం ఆ ఒడంబడిక కిందికి రాదు. 2025 మేలో కుదిరిన మహమ్మారి ఒప్పందంలోనూ వైరస్ నమూనాలు, వాటి సమాచారం ఇచ్చినందుకు బదులుగా టీకాల్లో, మందుల్లో వాటా ఉండాలన్నారు, వివరాలను అనుబంధానికి వదిలేశారు. దేశానికీ కంపెనీకీ మధ్య తిరుగు వాటా అనే మాటైనా పుట్టింది. హాస్టల్ పిల్లకూ ప్రభుత్వానికీ మధ్య అది కూడా పుట్టలేదు. 2023 వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పిల్లల విషయంలో తల్లిదండ్రుల అంగీకారం కావాలంటూనే, నిర్ణీత ప్రమాణాలు పాటించే పరిశోధనకు మినహాయింపు ఇచ్చింది.

అందుకని, మన ప్రాంతంలోకి ఆరోగ్య పరిశోధన వచ్చినప్పుడు ఒప్పందంలో ఈ షరతుల కోసం పట్టుపట్టాలి.

ఒకటి, ఒప్పందం మొత్తం ముందుగా గ్రామసభలో తెలుగులో, అవసరమైన చోట కోయ భాషలో చదివి వినిపించాలి. 1996 పెసా చట్టం గ్రామసభకిచ్చిన గౌరవం భూమికీ ఇసుకకే పరిమితం కాకూడదు.

రెండు, వార్డెన్ సంతకం తల్లిదండ్రుల సంతకానికి బదులు కాదు. అంగీకార పత్రం నకలు ఇంట్లో ఉండాలి.

మూడు, ఆరోగ్యం చెడితే ఎవరికి చెప్పాలి, వైద్యం ఎవరు చేయిస్తారు, బీమా ఎంత అన్నది మొదటి డోసుకు ముందే రాసివ్వాలి.

నాలుగు, సమాచారం చేతులు మారితే ఎవరికి, ఎందుకు వెళ్లిందో చెప్పాలి.

అయిదు, ఫలితాలు తిరిగి రావాలి. ప్రతి పిల్లకూ ఏ టీకా, ఎన్ని డోసులు ఇచ్చారో ఆమె దగ్గర ఉండాలి. అధ్యయనంలో ఏం తేలిందో ఊరికి చెప్పాలి.

ఒప్పందాల నకళ్ల కోసం 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. వాణిజ్య రహస్యమని 8(1)(డి) కింద తిరస్కరించవచ్చు. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని అదే సెక్షన్ చెబుతోంది, ఆ మాట దరఖాస్తులోనే రాయండి.

చివరిగా ఒక పని. 2009లో టీకా వేయించుకున్న పిల్లలు ఇప్పుడు ముప్పై ఏళ్లకు అటూ ఇటూ ఉన్నారు. గర్భాశయ ముఖద్వార పరీక్ష మొదలుపెట్టాలని చెప్పే వయసు అదే. టీకా వేయించుకున్నవాళ్లకూ ఆ పరీక్ష కావాలి. ఆ తరవాత రాష్ట్రం రెండయింది, డివిజన్‌లోని కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి, 2016లో జిల్లా కూడా విడిపోయింది. ఆ రిజిస్టర్లు ఇప్పుడు ఏ కార్యాలయంలో ఉన్నాయి? మీ ఊళ్లలో ఆ స్త్రీలెవరో మీకు తెలుసు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి, తమకు ఎన్ని డోసులు పడ్డాయో తెలుసా అని అడగండి. తెలియదంటే, ఆ ప్రశ్నను వాళ్ల చేతే రెండు జిల్లాల, రెండు రాష్ట్రాల వైద్యాధికారులకు రాయించండి.